ముట్టడిలో కొన్న పొలం

గుంటూరు ప్రాంతంలోని ఒక సంఘంలో, ఉపవాస కూడికల చివరి సాయంత్రం, దస్తావేజు లేఖరిగా పనిచేసి విరమించిన ఒక సంఘ పెద్ద చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెడుతున్నాం.

పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి, యౌవనస్థులకు ప్రభువు నామంలో వందనాలు. వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, ముందు చాపలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. కొంచెంసేపు పడుతుంది.

నాకిచ్చిన అంశం "రాజకీయ అస్థిరతలో దేవుని మీద నమ్మకం". ఈ అంశం ఎందుకు పెట్టారో నాకు తెలుసు, మీకూ తెలుసు. గత పదేళ్లుగా ఈ ప్రాంతంలో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ జనానికి నిద్ర పట్టలేదు. ఏ పథకం ఉంటుంది, ఏది ఆగిపోతుంది, రాజధాని ఎక్కడ, పిల్లల ఉద్యోగాలు ఏమవుతాయి, మందిరం కట్టుకోవడానికి అనుమతి వస్తుందా రాదా. ఇళ్లలో ఇవే మాటలు. ఆరాధన ముగిశాక బయట చెప్పులు వేసుకుంటూ కూడా ఇవే మాటలు. అవునా కాదా?

నేను రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట కూర్చుని ఏళ్ల తరబడి దస్తావేజులు రాసినవాణ్ని. నాకు తెలిసిన దారిలోనే వాక్యంలోకి వస్తాను. బైబిల్లో ఒక క్రయ దస్తావేజు ఉంది. అమ్మిన వాడెవరు, కొన్నవాడెవరు, ఆస్తి ఎక్కడ, సొమ్ము ఎంత, సాక్షులు ఉన్నారా, అసలు ఎక్కడ, నకలు ఎక్కడ, అన్నీ రాసి ఉన్నాయి. యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం. తెరవండి. తెరిచారా? పక్కవారి దగ్గర బైబిలు లేకపోతే చూపించండి.

మొదటి వచనం చూడండి. తేదీ వేశాడు. యూదా రాజు సిద్కియా ఏలుబడిలో పదో సంవత్సరం, అది బబులోను రాజు నెబుకద్రెజరుకు పద్దెనిమిదో సంవత్సరం. ఇద్దరు రాజుల లెక్కలో తేదీ వేశాడు, చూశారా? రెండు లెక్కలు ఎందుకు వేయాల్సి వచ్చింది? రేపు ఎవరి రాజ్యం ఉంటుందో ఎవరికీ తెలియని కాలం అది. క్రీస్తుకు పూర్వం 588, 587 ప్రాంతం. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. 34వ అధ్యాయంలో ఇంకొక మాట ఉంది. యూదా దేశంలో ప్రాకారాలున్న పట్టణాల్లో ఇంకా పడిపోనివి యెరూషలేము కాక రెండే రెండు, లాకీషు, అజేకా. 1935లో లాకీషు శిథిలాల్లో తవ్వితే ఆ రోజుల్లో సిరాతో కుండ పెంకుల మీద రాసిన ఉత్తరాలు దొరికాయి. ఒక పెంకు మీద ఒక సైనికోద్యోగి తన అధికారికి రాస్తున్నాడు: మేము లాకీషు నుంచి వచ్చే నిప్పు గుర్తుల కోసం చూస్తున్నాం, అజేకా మాకు కనబడటం లేదు. ఆ కాలపు మనిషి చేతిరాత అది. ఎదురుచూపు, భయం, కబురు లేకపోవడం. మనం ఎన్నికల లెక్కింపు రోజున ఫోను పట్టుకుని కూర్చుంటాం. వాళ్లు కొండ మీద నిప్పు కోసం కూర్చున్నారు.

నగరం లోపల రాజకీయం ఎలా ఉంది? రెండు వర్గాలు. ఒక వర్గం ఐగుప్తు, అంటే ఈజిప్టు సైన్యం వస్తుంది, మనల్ని విడిపిస్తుంది అంటోంది. ఐగుప్తు సైన్యం ఒకసారి వచ్చింది కూడా, బబులోనువారు కొద్దిరోజులు వెనక్కి తగ్గారు, జనం ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఐగుప్తు వెళ్లిపోయింది, బబులోను మళ్లీ వచ్చింది. ఇంకొక వర్గం లొంగిపోదాం అంటోంది. రాజు సిద్కియా అటూ ఇటూ ఊగుతున్నాడు. పగలు అధికారుల మాట వింటాడు, రహస్యంగా ప్రవక్త యిర్మీయాను పిలిపించి "యెహోవా దగ్గర నుంచి ఏమైనా మాట వచ్చిందా" అని అడుగుతాడు. ఈ మధ్యలో యిర్మీయా ఎక్కడున్నాడు? చెరసాల ఆవరణలో. ఈ నగరం బబులోను చేతికి పోతుందని చెప్పినందుకు రాజు అతణ్ని అక్కడ పెట్టించాడు.

అప్పుడు వచ్చాడు హనమేలు. యిర్మీయా చిన్నాన్న షల్లూము కొడుకు. వచ్చి ఏమన్నాడు? అన్నా, అనాతోతులో నా పొలం ఉంది, కొనుక్కో, విడిపించే హక్కు నీదే అన్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం భూమి కుటుంబం దాటిపోకుండా కొని విడిపించే బాధ్యత దగ్గరి బంధువుకు ఉంది, లేవీయకాండం 25లో చూడవచ్చు.

ఇప్పుడు నా వృత్తి కళ్లతో ఈ ఆస్తిని చూడండి. అనాతోతు యెరూషలేముకు నాలుగైదు కిలోమీటర్ల దూరం. చుట్టూ శత్రు సైన్యం. అంటే అమ్మేవాడి స్వాధీనంలో భూమి లేదు. కొనేవాడు ఖైదులో ఉన్నాడు, వెళ్లి హద్దులు చూసుకోలేడు. పైగా 11వ అధ్యాయం చదివితే, ఆ అనాతోతు మనుషులే ఒకప్పుడు యిర్మీయాను చంపుతామని బెదిరించారు. కొనేవాడికి పెళ్లి లేదు. పెళ్లి చేసుకోవద్దని, పిల్లల్ని కనవద్దని దేవుడే 16వ అధ్యాయంలో చెప్పాడు. అంటే వారసుడు లేడు. అన్నిటికంటే పెద్ద సంగతి, ఈ దేశం డెబ్బై ఏళ్లు బబులోను కింద ఉంటుందని ఆ కొనేవాడే అంతకుముందు ప్రకటించి ఉన్నాడు! నా దగ్గరికి ఎవరైనా ఇలాంటి ఆస్తికి కాగితం రాయమని వస్తే, అయ్యా, మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి అని పంపేసేవాణ్ని. మీరైతే కొంటారా? చేయి ఎత్తండి చూద్దాం. ఒక్కరూ ఎత్తరు.

యిర్మీయా కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. ఇప్పటి కొలతలో సుమారు రెండు వందల గ్రాములు. కొంచెమే కదా అనుకోకండి. ఆ నగరంలో కరువు. యిర్మీయాకు రోజుకు ఒక రొట్టె ఇచ్చేవారు, రొట్టెలు కాల్చేవారి వీధి నుంచి తెచ్చి, నగరంలో రొట్టెలు అయిపోయేవరకు. అలాంటి రోజుల్లో వెండి అంటే ప్రాణం నిలుపుకునే దారి. ఆ వెండిని తీసుకెళ్లి అడుగు పెట్టలేని పొలానికి ఇచ్చాడు.

ఎలా కొన్నాడో చూడండి, నాకు ఈ భాగం ఎంతో ఇష్టం. పత్రం రాశాడు. ముద్ర వేశాడు. సాక్షులను పిలిచి సంతకాలు చేయించాడు. త్రాసులో వెండి తూచాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, ముద్ర లేకుండా విప్పి చూసుకునే ప్రతి ఒకటి, రెండూ తీసుకుని తన లేఖకుడు, నేరీయా కొడుకు బారూకు చేతికిచ్చాడు. హనమేలు చూస్తుండగా, సాక్షులు చూస్తుండగా, చెరసాల ఆవరణలో కూర్చున్న యూదులందరూ చూస్తుండగా ఇచ్చాడు. ఇచ్చి, వీటిని మట్టికుండలో పెట్టు, చాలా కాలం నిలవాలి అన్నాడు. ఒకే దస్తావేజుకు ఇలా మూసిన భాగం, తెరిచిన భాగం ఉంచుకోవడం ఆ ప్రాంతంలో తర్వాత కూడా వందల ఏళ్లు నడిచిన పద్ధతి. 1961లో మృత సముద్రం దగ్గర ఒక గుహలో బబతా అనే యూదు స్త్రీ దాచుకున్న ఆస్తి కాగితాల కట్ట దొరికింది. క్రీస్తు తర్వాత రెండో శతాబ్దం నాటివి. పై భాగం చుట్టి దారంతో కట్టి, వెనక సాక్షుల సంతకాలు. కింది భాగం చదువుకోవడానికి తెరిచి ఉంది. తగాదా వస్తే న్యాయాధికారి ఎదుట దారం కోసి పోల్చి చూస్తారు. అంటే యిర్మీయా ఏదో సూచన కోసం పైపైన చేసిన పని కాదిది. రేపు కోర్టుకు వెళ్లినా నిలబడేలా చేశాడు. ప్రవక్త కదా, దేవుడు చెప్పాడు కదా, సాక్షులెందుకు అనలేదు. విశ్వాసం ఉంది కదా అని ఒక్క సంతకం కూడా వదలలేదు.

ఇక్కడ ఆగి నేను చెప్పదలచుకున్న అసలు మాట చెబుతాను. అస్థిర కాలంలో దేవుణ్ని నమ్మడమంటే రేపు ఏమవుతుందో ముందే చెప్పడం కాదు. రేపు ఏమైనా సరే, ఈ రోజు మన చేతిలో ఉన్న న్యాయమైన పనిని పూర్తిగా, శ్రద్ధగా చేయడం. మళ్లీ చెబుతాను. ముందే చెప్పడం కాదు. ఉన్న పనిని పూర్తిగా చేయడం.

ఎందుకు ఇంత గట్టిగా అంటున్నాను? ఎన్నికలు వస్తే చాలు, మన వేదికల మీద, మన వీడియోల్లో ప్రవచనాలు మొదలవుతున్నాయి. ఫలానా పార్టీ గెలుస్తుందని దేవుడు చూపించాడు, ఫలానా నాయకుడు దేవుని అభిషిక్తుడు అంటున్నారు. ఫలితాలు వచ్చాక ఆ వీడియో కనిపించదు. ఇది కొత్త కాదు. యిర్మీయా 28 చదవండి. హనన్యా అనే ప్రవక్త లేచాడు. ఎక్కడ లేచాడు? దేవుని మందిరంలో. యాజకుల ఎదుట, ప్రజలందరి ఎదుట. రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, పట్టుకుపోయిన మందిరపు ఉపకరణాలు తిరిగి వస్తాయి అన్నాడు. బబులోనుకు లొంగాలనే గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి అందరూ చూస్తుండగా విరిచాడు. జనానికి ఎంత సంతోషం కలిగి ఉంటుంది! మనం ఆ రోజు అక్కడ ఉంటే ఎవరికి ఆమెన్ అనేవాళ్లం? నిజాయతీగా ఆలోచించండి. హనన్యా ప్రసంగంలో ఆశ ఉంది, దేశభక్తి ఉంది, తేదీ కూడా ఉంది. దేవుని మాట మాత్రం లేదు. ఆ సంవత్సరమే హనన్యా చనిపోయాడు. దేవుని పేరుతో గెలుపోటములు చెప్పే సేవకుడు దేవుణ్ని ఒక పార్టీ లెక్కల్లోకి లాగుతున్నాడు. ఇది పాపం. ఈ మాట చెప్పడానికి నేను భయపడను. 146వ కీర్తన మీకందరికీ నోటికి వచ్చు: "రాజులచేతనైనను నరులచేతనైనను రక్షణ కలుగదు వారిని నమ్ముకొనకుడి." మనకు నచ్చిన రాజుకు కూడా ఆ వచనం వర్తిస్తుంది.

మన దగ్గరి సంగతికి వస్తాను. ఇక్కడ చాలామందికి అటు కృష్ణ ఒడ్డు గ్రామాల్లో చుట్టాలున్నారు. 2015లో రాజధాని కోసం రైతులు ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా భూసమీకరణ కింద ఇచ్చారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, పనులు మళ్లీ మొదలయ్యాయి. నేను ఎవరిది తప్పో, ఎవరిది ఒప్పో చెప్పడానికి రాలేదు. ఇక్కడ అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు, ఉండాలి కూడా. నా బల్ల దగ్గర నుంచి నేను చూసింది చెబుతాను. 2019 చివర, 2020 మొదట్లో నా దగ్గరికి వచ్చినవాళ్లు రాయించుకోవడానికి రాలేదు, రద్దు చేసుకోవడానికి వచ్చారు. బయానా ఇచ్చినవాడు బయానా వెనక్కి అడుగుతాడు. తీసుకున్నవాడు అప్పటికే ఖర్చు పెట్టేశాడు. కూతురి పెళ్లి ఆ భూమి మీద పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. అన్నదమ్ములు నా ఎదుటే కొట్టుకోబోయారు.

ఆ రోజుల్లోనే ఒక పెద్దావిడ వచ్చింది. ఊరు, పేరు చెప్పను. ఇంటి పక్కన ఉన్న మూడు సెంట్ల స్థలం తమ సంఘానికి దానంగా రాయించాలని వచ్చింది. అమ్మా, ఇప్పుడెందుకు, పరిస్థితి తేలనివ్వండి అన్నాను. ఆవిడ నా మాట పట్టించుకోలేదు. ముసాయిదా చదవమంది. తూర్పు హద్దు దగ్గర ఆపింది. "అక్కడ బాట ఉంది కదయ్యా, బాట అని రాయలేదేమి? రేపు వాళ్ల గోడ ముందుకు జరిగితే పిల్లలు లోపలికి ఎలా వస్తారు?" అంది. మళ్లీ రాశాను. సబ్ రిజిస్ట్రారు ఎదుట ఎడమ బొటనవేలు ముద్ర సరిగా పడలేదంటే, చీర కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ వేసింది. రాజధాని వస్తుందా రాదా అని ఒక్క మాట నన్ను అడగలేదు. ఆవిడ మనసులో ఉన్నది ఆదివారం బడికి వచ్చే పిల్లల దారి. ఆవిడకు యిర్మీయా 32 తెలుసో లేదో, ఆ రోజు అందులో ఉన్న విశ్వాసం నా బల్ల ముందు నిలబడింది.

పెద్దలందరూ ఉన్నారు కాబట్టి ఇంకొక మాట, మధ్యలో వచ్చినా చెప్పక తప్పదు. మన సంఘాల ఆస్తి కాగితాలు ఎంత అధ్వానంగా ఉన్నాయో నాకు తెలుసు. మిషనరీల కాలంలో వచ్చిన స్థలానికి అసలు పత్రం ఎక్కడుందో కమిటీలో ఎవరికీ తెలియదు. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీయించి ఎన్నేళ్లయిందో తెలియదు. శ్మశానానికి హద్దురాళ్లు లేవు. ప్రభుత్వం మారితే ఏమవుతుందో అని రాత్రంతా ప్రార్థన చేస్తాం, మంచిదే, కాని పగలు వెళ్లి నకలు తెచ్చుకోం. యిర్మీయా ఖైదులో ఉండి మట్టికుండ సంపాదించాడు. మనకు ఇనుప బీరువా ఉంది.

నమ్మకం అంటే నోరు మూసుకుని కూర్చోవడమా? కాదు. 37వ అధ్యాయంలో యిర్మీయా రాజు ఎదుట ఏమన్నాడు? నీకు గానీ, నీ సేవకులకు గానీ, ఈ ప్రజలకు గానీ నేను చేసిన పాపం ఏమిటి, నన్ను చెరసాలలో ఎందుకు వేశారు అని నిలదీశాడు. ఆ తర్వాత విన్నవించుకున్నాడు. నన్ను మళ్లీ చెరసాలగా మార్చిన ఆ యోనాతాను ఇంటికి పంపవద్దు, అక్కడ చచ్చిపోతాను అన్నాడు. పౌలు ఏమన్నాడు? "కైసరు ఎదుటనే చెప్పుకొందును" అన్నాడు. అర్జీ పెట్టుకోవడం అవిశ్వాసం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు, మనవాళ్లు ఇంకా బయటే ఉన్నారు. సుప్రీంకోర్టులో ఇరవై ఏళ్లకు పైగా ఆ పోరాటం నడుస్తోంది. ఈ గదిలో ఎంతమంది ఇళ్లలో ఆ బాధ ఉందో నాకు తెలుసు. ఆ పోరాటం చేస్తున్నవారిని రాజకీయాలు మాట్లాడుతున్నారని తక్కువ చేయకండి. వాళ్ల కోసం ప్రార్థించండి, వాళ్లు పిలిస్తే వెళ్లండి.

మళ్లీ 32వ అధ్యాయానికి రండి. 16వ వచనం. పత్రం బారూకు చేతికి ఇచ్చిన తర్వాత యిర్మీయా ప్రార్థన చేశాడు. ఇచ్చిన తర్వాత. ముందు కాదు. ఆ ప్రార్థన ఎలా మొదలైంది? ప్రభువా, నీకు అసాధ్యమైనదేదీ లేదు అని. ఎలా ముగిసింది? ముట్టడి దిబ్బలు వేశారు, కత్తి, కరువు, తెగులు వచ్చాయి, నగరం పోతోంది, అది నువ్వే చూస్తున్నావు. అయినా నన్ను వెండి ఇచ్చి పొలం కొనుక్కోమన్నావు! అంటే అతనికి అర్థం కాలేదు. సంతకం చేసి, వెండి ఇచ్చేసి, అప్పుడు దేవుని ఎదుట తన కలవరం బయటపెట్టాడు. నమ్మేవారికి కలవరం ఉండదని మీకు ఎవరు చెప్పారు? కలవరం ఉంది కాబట్టి విధేయత ఆపలేదు, విధేయుడయ్యాడు కాబట్టి కలవరం దాచుకోలేదు. దేవుడు గద్దించాడా? లేదు. తిరిగి ఒక ప్రశ్న వేశాడు. 27వ వచనం, అందరం కలిసి చదువుదాం: "నేను యెహోవాను, సర్వశరీరులకు దేవుడను, నాకు అసాధ్యమైనదేదైన నుండునా?" నగరం పడదు అని మాత్రం అనలేదు. పడుతుందనే మళ్లీ చెప్పాడు. తర్వాత పొలాలు కొంటారు, పత్రాలు రాస్తారు, ముద్రలు వేస్తారు, సాక్షులను పెడతారు, బెన్యామీను దేశంలో, యెరూషలేము చుట్టుపక్కల, కొండ ఊళ్లలో అన్నాడు. సర్వశక్తిమంతుడైన దేవుడు దస్తావేజుల గురించి, సాక్షుల గురించి మాట్లాడుతున్నాడు. భవిష్యత్తు గురించి ఆయన ఇచ్చిన వాగ్దానం జనం మళ్లీ మామూలుగా బతకడం.

మన తెలుగు సంఘ చరిత్రలో ఇలాంటి కొనుగోలు ఒకటి ఉంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. తమిళ దేశం నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని మనవాడైపోయిన మనిషి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు, డోర్నకల్లు ఆయన స్థానం. 1919లో తరంగంబాడిలో కొందరు సేవకులు కూర్చుని, వేరువేరు మిషన్ల సంఘాలన్నీ ఒకటి కావాలని అనుకున్నారు. వారిలో అజరయ్య గారు ముందున్నారు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఎంత తర్జనభర్జన! బయట చూస్తే సహాయ నిరాకరణ, ఉప్పు సత్యాగ్రహం, రెండో ప్రపంచ యుద్ధం, క్విట్ ఇండియా. తెల్లవాళ్లు వెళ్లిపోతే క్రైస్తవుల గతి ఏమిటని భయపడ్డవాళ్లు ఎంతమందో. అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు. తాను పాటుపడిన ఐక్యతను చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలే అయింది. ఉత్తరాన పంజాబులో రక్తం పారుతోంది. డోర్నకల్లు, మెదకు ఇంకా నిజాం రాజ్యంలో ఉన్నాయి. హైదరాబాదు భారతదేశంలో కలిసింది మరుసటి ఏడాది సెప్టెంబరులో. అంటే ఏమైంది? బెజవాడ క్రైస్తవుడు, మెదకు క్రైస్తవుడు ఒకే దేశపౌరులు అవుతారో లేదో తేలకముందే ఒకే సంఘస్థులయ్యారు. దేశం పటం స్థిరపడేదాకా ఆగుదాం అని వాళ్లు అనలేదు. దానికి నేను దేవునికి స్తోత్రం చెబుతాను.

అనాతోతు ఏమైందో కూడా చెప్పాలి కదా. ఎజ్రా 2వ అధ్యాయం, 23వ వచనం. బబులోను చెర నుంచి తిరిగి వచ్చినవారి జాబితా. మనం ఆ పేజీ చదవకుండా తిప్పేస్తాం, ఉత్త పేర్లు, అంకెలు అని. అనాతోతువారు 128 మంది. నెహెమ్యా 7లో కూడా అదే లెక్క. యిర్మీయా ఆ రోజు చూడలేదు. అతణ్ని బలవంతంగా ఐగుప్తుకు తీసుకుపోయారు. కాని ఆ ఊరికి మనుషులు తిరిగి వచ్చారు.

ఇక ప్రార్థనకు వెళదాం. తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయంలో రాజుల కోసం, అధికారులందరి కోసం ప్రార్థించమని పౌలు రాశాడు. ఆ రోజుల్లో రోములో ఏలుతున్నది నీరో. కాబట్టి మనకు నచ్చనివారి కోసం ప్రార్థించలేం అనడానికి వీల్లేదు. లేవగలిగినవారు లేచి నిలబడండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మలు కూర్చునే ఉండండి. మొదట ముఖ్యమంత్రి గారి కోసం, తర్వాత ప్రతిపక్ష నాయకుడి కోసం, పేరు పెట్టి ప్రార్థించండి, ఇద్దరికీ ఒకే మనసుతో. తర్వాత మన ఎమ్మెల్యే, కలెక్టరు, తహసీల్దారు, మన సచివాలయంలో కూర్చునే పిల్లలు. తర్వాత భూమి చిక్కుల్లో ఉన్న కుటుంబాలు. వెనక వరుసలోని సహోదరుడు మొదలుపెడతారు, తర్వాత స్త్రీల సమాజం నుంచి ఒక అమ్మ చేస్తారు. ఆశీర్వాదం అయ్యాక సంఘ కమిటీవారు ఇళ్లకు వెళ్లకండి, ఆస్తుల ఫైలు పట్టుకుని నా దగ్గరికి రండి. ఈ రాత్రే చూడటం మొదలుపెడదాం.